కూలీలు ఎటు వెళ్తే అటు

స్టేషన్ గేటు దాటగానే, జనం మధ్య, ఒక మనవరాలు చక్రాల కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది. నానమ్మ అందులో కూర్చోనంటోంది.

“కూర్చో నానమ్మా. నిన్ను ఒంటరిగా స్టేషన్‌కి పంపనని నాన్న నాచేత ఒట్టు వేయించుకున్నాడు.”

“మీ నాన్నకి నడక నేర్పింది నేనే. పద.”

“అటు కాదు! మన బండి నాలుగో ప్లాట్‌ఫాం. బోర్డు చూడు.”

“బోర్డు కాదే, కూలీల్ని చూడు. అందరూ తొమ్మిదో ప్లాట్‌ఫాం మెట్లెక్కుతున్నారు.”

“వేరే బండికేమో.”

“వేరేదానికైతే నలుగురైదుగురు వెళ్తారు. ఇంతమంది ఒక్కసారి కదిలారంటే అది మన పొడుగు బండే. ముప్పై ఏళ్లు ఇక్కడే మూటలు మోశాను. ప్లాట్‌ఫాం మారిందని ముందు కూలీకి తెలుస్తుంది, ఆ తర్వాతే మైకుకి.”

“నీ కాలం వేరు నానమ్మా. ఆగు! అన్ని మెట్లు ఎక్కలేవు!”

“ఎక్కేశాగా. నువ్వే ఇంకా కిందున్నావు.”

“అయ్యో, మైకులో చెప్తున్నారు. తొమ్మిదికే మార్చారట!”

“విన్నాలే. రా.”

“ఉండు నానమ్మా... ఆయాసం...”

“ఆ కుర్చీ అక్కడే వదిలి, ఫోన్ ఇటివ్వు. నిన్ను ఒంటరిగా స్టేషన్‌కి పంపొద్దని మీ నాన్నకి చెప్పాలి.”