గాటు లేని నాబ్

పాత మిలిటరీ జీపుల రేడియోలకు కొత్త భాగాలు పోతపోసే ఆ పురసవాక్కం కొట్టులో, ముసలి సిపాయి కొత్త నాబ్‌ను వేళ్ల మధ్య తిప్పి చూశాడు. దాన్ని పోసిన అమ్మాయి చేతులకంటిన మైనం తుడుచుకుంది.

"గాటు ఏదమ్మా?"

"పాత నాబ్ దెబ్బ తగిలి విరిగిందనుకున్నా తాతా. మైనంతో పూడ్చి అచ్చు తీశా."

"నేనే కత్తితో కోసింది అది! డెబ్బై ఒకటి యుద్ధంలో జీపులో దీపం పెట్టనీరు. బొటనవేలికి గాటు తగిల్తే మావోళ్ల స్టేషన్ దొరికినట్టు. పాతదిచ్చెయ్."

"అది... అచ్చులోంచి తీస్తుంటే పొడైపోయింది."

"ఉండేది ఉండేట్టే పొయ్యమంటిని గదా! ముసిలోడికి నునుపు కావాలనుకుంటివా? ఆ జీపులోవాళ్లలో మిగిలింది నేనొక్కణ్ణే."

"తప్పు నాదే. ఎక్కడుండేదో చెప్పండి, కోస్తా."

"యాభై ఏళ్లయిపోయె. యాడని చెప్పేది?"

ఆమె కొత్త నాబ్‌ను బల్లమీదున్న ఆయన జీపు రేడియోకు బిగించి, ఆయన చేతిని దానిమీద పెట్టింది.

"కళ్లు మూసుకోండి తాతా. మీవాళ్లను పిలవండి."

చాలాసేపు ఆ చెయ్యి కదల్లేదు. తర్వాత నాబ్ మెల్లగా తిరిగి, కొంచెం వెనక్కొచ్చి ఆగింది.

"ఈడ," అన్నాడాయన కళ్లు తెరవకుండానే. "వేలి కిందే గియ్యి."