విన్సెంటు వినాలనుకున్న పాట

సేతికి ఆ పట్టీ ఏందమ్మా మెర్లిన్? యాడన్నా మొక్కుకున్నావా? ... ఓహో, బెంగుళూరులో బ్యాండు సూడను పోతే గేటుకాడ కట్టినారా. మరి కత్తిరించి పారెయ్యకుండా యాల పెట్టుకోనుండావు? ... గుర్తుకా! సరే సరే, ఉండనీ, నేనేం నవ్వలేదులే. మీ అవ్వకు సెప్పే పోయినావా? సెప్పినావా, బతికిపోయినావు. నిజం సెప్పకుండా పోయి మీ ఇంట్లోనే ఒకడు నిలువునా మునిగిపోయినాడు. ఎవరా? విన్సెంటమ్మా, మీ అవ్వ మేరమ్మకు సొంత తమ్ముడు. నువ్వు పుట్టకముందే పోయినాడు. మీ ఇంట్లో ఆ పేరెత్తరు గదా, ఎత్తితే మీ అవ్వ ఆ పూట అన్నం ముట్టదు. కూసో, నించోని ఇంటే అయ్యేది కాదు ఇది.

మా పిల్లోడు బబ్లూ సెల్లుఫోన్ల అంగడి ఉండాదే, అది అప్పుట్లో నా క్యాసెట్ల అంగడి. విన్సెంటు మీ చర్చిలో గిటారు వాయించేవాడు. బక్కోడు, గట్టిగా తుమ్మితే పడిపోయేటట్టుండేవాడు. సాయంత్రమైతే వచ్చి నా అంగట్లో కూసునేవాడు. వానికి ఒక బ్యాండు పిచ్చి. గ్రే లాంటర్న్స్ అంట, ఇంగ్లీషోళ్లు. నాకు నోరు తిరక్క లాంతరోళ్లు అనేవాణ్ణి. 'జమాలన్నా, నీకో దండం, వాళ్ల పేరు సెడగొట్టొద్దు' అని తల కొట్టుకునేవాడు. ఆ పాటలు నాకేమో రేకుల షెడ్డు మింద రాళ్లు పడినట్టుండేవి, అబద్ధమాడను. అయితే ఒక పాట ఉండాది సూడు, మొదట్లో గిటారు ఒక్కటే మెల్లింగా వస్తాది, ఎవరో మనల్ని పేరు పెట్టి పిలస్తాండే మాదిరి. అది మాత్రం నాకూ పట్టుకునింది. ఆ క్యాసెట్టు అరిగి తెగిపోతే మళ్లీ ఎక్కించి ఇస్తి, అదీ అరగదీసినాడు. యాడికొచ్చినా నేను? ఆ, సెవులు.

వానికి సెవులు మందగించినాయి. మొదట ఎడమది. గిటారు తంతి బిగించాలంటే గిటారుకు సెవి ఆనించుకోని బిగించేవాడు, పాపం. నరం సచ్చిపోతాండాది, మందు లేదు, కుడిది గూడా పోతాదని డాక్టరు అనేసినాడంట. ఇంట్లో సెప్పలేదు, నాకొక్కనికే సెప్పినాడు. ఏడవలేదమ్మా. 'అన్నా, వాళ్లు బెంగుళూరుకొస్తాండారు. ఒక్కసారి ఎదురుగా నిలబడి ఆ పాట ఇంటే, అది లోపల ఉండిపోతాది. ఆ మింద సెవులు పోతే పోనీ' అన్నాడు. అంతే వాని ఆశ. పెద్ద ఆశేమీ కాదు గదా?

మీ అవ్వ సంగతి నీకు తెలుసు. అయ్యి సైతాను పాటలని ఒకసారి క్యాసెట్లు ఎత్తి పొయ్యిలో ఏసింది. అందుకని వాడు 'సెవుల డాక్టరుకు సూపించుకోను బెంగుళూరు పోతా, జమాలన్న తోడొస్తాడు' అని సెప్పేసినాడు. ఈడే సెడింది పని. మీవాళ్లు ప్రార్థన లేకుండా గడప దాటనిస్తారా? ఊరికే పయనమైతే మీ అవ్వ ఒక్కతే రెండు మాటలనుకోని పంపేసేది. ఇది రోగం గదా! పొద్దున నేను సంచి తగిలించుకోని పోతే ఇంటి ముందర అన్నీ సెప్పులే. లోపల సంఘమంతా ఉండాది. చర్చి అయ్యగారు ప్రార్థన మొదులు పెట్టినాడు. ఆయన ఆపితే రమణమ్మ ఎత్తుకునింది, ఆ యమ్మ కండ్లనీళ్లు కారిందాకా ఆపదు. ఆ మింద చెంగయ్య తాత. ఆయన లోకం పుట్టిన కాడ్నించి వస్తాడమ్మా, ఎప్పుడు విన్సెంటు సెవుల కాడికి వచ్చేది? విన్సెంటు నడిమద్దెలో మోకాళ్ల మింద ఉండాడు. వాని తలమింద, సెవులమింద అందురి సేతులూ. ఆ సేతుల సందులోనించి కండ్లు తెరిసి నా పక్క సూసినాడు. కుప్పం బస్సు పోతాదని నాకూ తెలుసు, వానికీ తెలుసు. ఆపండని వాడెట్లంటాడు? వాని సెవుల కోసరమే గదా అందురూ ఏడుస్తాండేది.

బస్సు పాయె. నేరుగా చింతామణి మింద పోతే బెంగుళూరు దగ్గరే, కానీ బ్యాండు టికెట్లు కుప్పంలో ఉండాయి, క్రిస్టోఫర్ అని రైల్వేలో పని చేసే వాని సావాసగాని కాడ. పుంగనూరు దాకా ఏదో బస్సు దొరికింది. ఆడ దిగితే ముందుకు పోను ఏమీ లేదు. పాల వ్యానోణ్ణి బతిమలాడి పలమనేరు పోతిమి, ఆడ్నించి ఇంకొక బండి. పోతే కుప్పం స్టేషన్లో క్రిస్టోఫర్ టికెట్లు పట్టుకోని ఒంటిగా నిలబడుండాడు. 'రైలు పాయె కదరా' అన్నాడు. తర్వాతి రైలు యాడబడితే ఆడ నిలిచిపోతా వచ్చింది. మైదానం కాడికి పోతే గేటు మూసేసినారు. టికెట్లు సూపిస్తే ఆ గేటోడు 'ఇదే ఆఖరి పాట, ఇంగ లోపలికి ఇడవం' అన్నాడు.

ఆ పాటేనమ్మా. రేకుల కంచె ఇవతల నాకు బాగా ఇనబడతాండాది. విన్సెంటు నా మొగం సూస్తాండాడు. 'అన్నా, ఏ పాట వాయిస్తాండేది?' అన్నాడు. సెప్పినా. వానికి గుయ్యిమని జనం కేకలు తప్ప ఏమీ తెలీలేదంట. రేకుకు రెండు సేతులూ ఆనించినాడు, రొమ్ము ఆనించినాడు, దవడ ఆనించినాడు. రేకు వణకతాండాది. ఆ వణుకునే పట్టుకోని నిలబడినాడు. కొంచేపటికి అదీ ఆగిపాయె. ఆగినాక గూడా వాడు సేతులు తియ్యలేదు.

ఊరికొస్తే అందురూ వాని మొగమే సూస్తాండారు. ఏమని సెప్తాడు? 'బాగైతాదన్నారు' అనేసినాడు. ఆదివారం చర్చిలో సాక్ష్యం సెప్పమంటే నిలబడి అదే సెప్పినాడు. ఏడాది తిరక్కుండా కుడి సెవి గూడా పాయె. గిటారు శ్రుతి తప్పి వాయిస్తాంటే ఒక్కరూ సెప్పలేదంట, వానిమింద ప్రేమ. పిల్లోళ్లు నోటికి సెయ్యి అడ్డం పెట్టుకోని నవ్వేది సూసి వాడే దించేసినాడు. ఆ మింద చర్చిలో ప్రార్థన అయిపోయి అందురూ కూసున్నా వాడొకడు కండ్లు మూసుకోని నిలబడే ఉండేవాడంట. ఆమెన్ ఇనబడదు గదా. ఎంత భక్తి అని సంఘమంతా మెచ్చుకునేది. మీ అవ్వ పోయి భుజం తడితే కూసునేవాడు. ఏందిరా అదని నేను సైగ సేసి అడిగితి. 'ప్రార్థన గాదన్నా. ఆ పాట గుర్తు సేసుకుంటాండా. క్యాసెట్టులో ఇన్నదే గదా, ముందు మొత్తం వచ్చేది. ఇప్పుడు సగానికొచ్చి ఆగిపోతాండాది' అన్నాడు.

ఇంకొన్నాళ్లకు అంగడికి పరిగెత్తుకోని వచ్చినాడు. 'అన్నా, మొదులు గూడా రాలేదన్నా. ఎట్లుండాది అది? ఒక్కసారి పాడన్నా' అన్నాడు. సెవిటోడమ్మా. సెవిటోడు వచ్చి పాడమంటాండాడు. షట్టరు సగం దించి పాడినా. మాటలు నాకు రావు, ఊరికే రాగం తీసి, గొంతు సించుకోని పాడినా. వాని సెయ్యి తీసి నా గొంతు మింద పెట్టుకున్నా. వాడు నా నోటిపక్కే సూస్తాండాడు, వాని పెదాలు గూడా కదలతాండాయి. శానాసేపు సూసినాడు. సూసి, సెయ్యి తీసేసి, తల అడ్డంగా ఊపినాడు.

'ఇది గాదన్నా' అన్నాడు.

... ఎట్ల పోయినాడా? లేయమ్మా, లెయ్. మబ్బు పట్టింది, వాన పడేటట్టుండాది. ఆ ఆరేసిన గుడ్డలు తీసి లోపలెయ్యిపో.