పోస్టుకార్డు రాయడం నేర్పిన ఎస్తేరమ్మ టీచర్

పెద్దలారా, తల్లులారా, బడి పిల్లలారా! చేను పనులు ఆపుకొని, గద్వాల నుంచి, గట్టు నుంచి ఇంతమంది ఈ బడి వరండాకు వచ్చారు. ఎస్తేరమ్మ టీచర్ మొన్న మంగళవారం మనల్ని విడిచి వెళ్లిపోయారు. మూడు నెలలు ఆమె పడిన నొప్పి నేను కళ్లారా చూశాను. అందుకే, తప్పుగా అనుకోకండి, ఈ రోజు నా గుండెలో దుఃఖం కంటే ఊరటే ఎక్కువగా ఉంది.

నా పేరు లక్ష్మణ్. ఈ బడికి మేమిద్దరమే టీచర్లం. ఎనిమిదేళ్లు పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పాం. మొదట్లో ఆమెను చూసి నవ్వుకున్నాను. ఒప్పుకుంటున్నాను. అందరూ చార్టులు గోడకు పైన కొడితే, ఆమె పిల్లల మోకాళ్ల ఎత్తున తాడు కట్టి వేలాడదీసేవారు. పాత క్యాలెండర్ వెనుక ప, వ, మ, య పక్కపక్కన రాసేవారు. చెయ్యి తిరిగే తీరు ఒకటేనని. తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు, "ఇవి ఎవరికి కనిపించాలమ్మా?" అని కసురుకున్నారు. ఆమె చాప చూపించి, "జర గీడ కూసోండ్రి సార్, మంచిగ కనవడతయి" అన్నారు. ఆయన కూర్చున్నారు. చాలాసేపు లేవలేదు!

నిరోష అదిగో, ముందు వరుసలో ఉంది. ఇప్పుడు గద్వాలలో ఇంటర్ చదువుతోంది. చిన్నప్పుడు పత్తి విత్తనాల చేలలో మొగ్గలు గిల్లి పుప్పొడి అంటించే పువ్వుల పనికి పోయి, మూడు నెలలకు బడికి తిరిగొచ్చింది. వేళ్ల కొసలన్నీ పుండ్లు. బలపం పట్టుకోలేక ఏడ్చింది. నేనైతే ఏం చేసేవాణ్ని? పుండ్లు మానాక రమ్మనేవాణ్ని. టీచర్ ఒక కట్టెకు గుడ్డపేలికలు చుట్టి, బకెట్‌తో నీళ్లు తెచ్చి, "పిడికిట్ల పట్టుకో బిడ్డా, బండల మీద రాయి. తప్పువోయినా ఏంగాదు, ఎండకు ఆరిపోతది" అన్నారు. ఆ వారమంతా ఈ వరండా నిండా తడి అక్షరాలే.

మరుసటి ఏడు ఇంకో చార్టు కట్టారు. పోస్టుకార్డు బొమ్మ. ఒక పక్క సంగతి, ఇంకో పక్క మన బడి చిరునామా. ప్రతి పిల్లా చూడకుండా రాసేదాకా వదల్లేదు. తల్లిదండ్రులతో దూరం పనులకు వలస పోయే ప్రతి పిల్ల సంచిలో రెండు కార్డులు పెట్టేవారు. ఇదంతా ఎందుకని అడిగాను. "గంత దూరం వోతున్నరు, ఏమన్న ఐతె మనకెట్ల తెలుస్తది సార్?" అన్నారు.

ఏడేళ్ల కింద, రెండువేల మూడులో ఒక కార్డు వచ్చింది. "నాయిన కాలు ఇరిగింది. మేస్తి కొడుతుండు. పోనిస్త లేడు." రాసింది నిరోష, వాళ్లను కూలి పనికి తీసుకుపోయిన మేస్త్రి గురించి. ఎక్కడున్నారో రాయలేదు, ఆ పిల్లకు తెలియదు. టీచర్ తపాలా ముద్రను వెలుతురులో పెట్టి, అటు తిప్పి, ఇటు తిప్పి ఊరి పేరు పట్టారు. పూణె దగ్గరి ఊరు. ఆ కార్డు పట్టుకొని ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరిగారు? నేను లెక్కపెట్టడం మానేశాను. పదిహేడో రోజు, అధికారులు విడిపించి పంపిన లారీ కొత్తకోటలో ఆగింది. నిరోష నాయిన ఆశీర్వాదం కట్టు కాలితో దిగాడు. తల్లి జమ్ములమ్మ దిగింది. నిరోష దిగింది. వాళ్ల వెనుక ఇంకో ఆరు కుటుంబాలు దిగాయి! టీచర్ ఆ పిల్లను దగ్గరకు తీసుకొని, "మేస్త్రి అని రాయాల్నే, ఒత్తు మరిచినవ్" అంటూ భోరున ఏడ్చారు. ఆ రోజు నేనూ ఏడ్చాను. గుండె మీది బండ దిగితే వచ్చే ఏడుపు అది.

చివరిగా ఒక్క మాట. పోయిన ఆదివారం కర్నూలు దవాఖానలో ఆమెను చూశాను. మాట సన్నబడింది. ఇది చేలలో పువ్వుల పని నడిచే కాలం కదా. "బడికి ఎంతమంది వస్తుండ్రు సార్?" అని అడిగారు. నలభై ఒక్క మందీ వస్తున్నారని, ఈ ఏడు ఒక్కరూ పనికి పోలేదని చెప్పాను. నిజమే చెప్పాను. ఆమె కళ్లు మూసుకొని, "గట్లనా... ఇగ నేను నిమ్మలంగ పండుకుంట" అన్నారు.

అమ్మలారా, అయ్యలారా, ఆమె నిమ్మళంగానే వెళ్లారు. పిల్లలూ, మీరూ లేవండి. అందరం నిలబడి, రెండు నిమిషాలు మౌనంగా ఆమెను తలుచుకుందాం.