ఏడో అంతస్తులో మీటింగు

"అసలు ఆ కంపెనీ గుట్టు రట్టు చేసింది ఎవరనుకున్నారు? నేనే," అన్నాడు బావగారు, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ.

టైలరు బావా అని పిలుస్తాడు కాబట్టి వీధి మొత్తానికీ ఆయన బావగారే. పొద్దుటి షిఫ్టులో బస్సు నడిపి రిటైరైన మనిషి. ఏ కంపెనీ గుట్టూ రట్టు చెయ్యలేదు. చేసింది ఆయన భార్య, టైలరుకి సొంత అక్క. షేర్ల మార్కెట్టు మోసాలు విచారించే ఆఫీసులో ఆఫీసరుగా చేసి, నిరుడు వానాకాలంలో జబ్బుచేసి పోయింది. ఆ తర్వాతే బావగారు ఇల్లు మారి బావమరిది ఉన్న వీధికి వచ్చాడు. కనుక ఇక్కడ టైలరు తప్ప ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు. వచ్చిన దగ్గర్నుంచీ ఈ కథ ఎత్తుకున్నాడు. కథ వారం వారం పెరుగుతోంది. అందులో అక్క మాత్రం ఇంతవరకూ అడుగు పెట్టలేదు. టైలరు సాయంత్రం కాగానే మిషను మీద గుడ్డ కప్పేసి టీ కొట్టుకి వచ్చేది అందుకే. ఇవాళైనా ఆవిడ మాట వస్తుందేమోనని.

"ఏం చేశారండీ ఆ కంపెనీవాళ్ళు?" అన్నాడు పక్క సెలూన్ అతను.

"చెప్తా విను తమ్ముడూ. కంపెనీలో పెద్ద తలకాయలకి జీతంతోపాటు ఒక హక్కు ఇస్తారు. ఇవాళ షేరు ఏ ధర ఉందో, ఎన్నాళ్ళయినా అదే ధరకి కొనుక్కోవచ్చని. రేపు ధర పెరిగితే ఆ తేడా వాళ్ళది. బాగానే ఉంది. కానీ వీళ్ళేం చేశారు? ఏడాది గడిచాక వెనక్కి తిరిగి చూసుకుని, షేరు పాతాళంలో ఉన్న రోజేదో వెతికి పట్టుకుని, హక్కు ఆ రోజే ఇచ్చినట్టు కాగితం మీద పాత తేదీ వేసుకున్నారు. షేర్లు కొన్న జనానికి పంగనామాలు!"

"అంటే పంట చేతికొచ్చి, ధరలు తెలిశాక, ఏ పైరు వేద్దామా అని ఆలోచించినట్టు," అంది టీ కొట్టు ఆవిడ, పాలు కలుపుతూ.

"అదీ! నీకున్న బుర్ర వాళ్ళ లాయర్లకి లేదు చెల్లెమ్మా."

"ఇంతకీ మీరు బస్సు డ్రైవరు కదా?" అన్నాడు సెలూన్ అతను.

"బస్సు పైకి. లోపల విచారణ. స్టీరింగు పట్టుకున్నవాణ్ణి ఎవడు అనుమానిస్తాడు? సరే, ఆ కాగితం నా చేతికొచ్చింది. చదవగానే నవ్వొచ్చింది. 'ఏడో అంతస్తు మీటింగు హాల్లో డైరెక్టర్లు సమావేశమై' అని రాసుంది. ఆ తేదీకి ఆ బిల్డింగుకి ఉన్నవి ఆరు అంతస్తులే! ఏడోది ఇంకా ఇనప ఊచలు, ఇసక కుప్ప!"

టైలరు తలొంచుకుని టీ ఊదుకున్నాడు. ఇంతవరకూ నిజమే. అక్క ఆ బిల్డింగు కట్టిన మేస్త్రీల దగ్గరికి కూడా వెళ్ళి, స్లాబు ఎప్పుడు పోశారో కనుక్కుని వచ్చింది. ఇక ఇక్కణ్ణుంచి కథ గాల్లోకి లేస్తుందని అతనికి తెలుసు.

"ఛైర్మన్ని నిలదీశాను. ఆయన తొణకలేదు, బెణకలేదు. 'మేం గాల్లోనే కూర్చున్నాం' అన్నాడు. అయితే కూర్చుని చూపించమన్నాను. డైరెక్టర్లందర్నీ ఆరో అంతస్తు మీదికి ఎక్కించాం, కుర్చీలు గాల్లో వేయించాం. అందరూ దబదబా కింద పడ్డారు గానీ ఒకాయన మాత్రం దర్జాగా కూర్చున్నాడు!"

"ఎలాగండీ?"

"అంత తేలికైన మనిషి. ఏ మీటింగులోనూ ఒక్క బరువైన మాట అని ఎరగడు."

సెలూన్ అతనికి పొలమారింది. బావగారికి ఊపొచ్చింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఛైర్మను నా విచారణకే పాత తేదీ వేసేశాడు! అది ఎప్పుడో జరిగిపోయిందనీ, కేసు కొట్టేశారనీ కాగితం పుట్టించాడు. నేను ఊరుకుంటానా? నా సమన్లకి అంతకంటే ముందు తేదీ వేశా. ఆయన ఇంకా వెనక్కి వెళ్ళాడు, నేను ఇంకా వెనక్కి వెళ్ళా. చివరికి ఆయన పుట్టకముందు తేదీతో పంపితే వాళ్ళమ్మ తీసుకుంది. ఆవిడకప్పటికి పెళ్ళే కాలేదు. 'ఎవరండీ ఈ అబ్బాయి' అనడుగుతూ సంతకం పెట్టింది పాపం!"

"అబ్బ, ఇక ఆపండి," అంది టీ కొట్టు ఆవిడ, పొట్ట పట్టుకుని.

"ఆగితే ఎలా? మేమిద్దరం అలా చెరోవైపూ లాగేసరికి ఊళ్ళో రోజులే వెనక్కి నడవడం మొదలెట్టాయి. సెలూన్లో కత్తిరించిన జుట్టు లేచి వెళ్ళి ఎవరి తలకి వాళ్ళకి అతుక్కుంది."

"నా కూలి వెనక్కి అడిగారా?"

"అడక్కుండానే ఇచ్చేశావు, పెద్దమనిషివి. గ్లాసులో టీ లేచి గిన్నెలోకి దూకింది. నా బస్సు వెనక్కి వెనక్కి డిపోకి పోయింది, జనం దిగే స్టాపులో ఎక్కారు. ఏడో అంతస్తు ఇటుక ఇటుకా దిగి, లారీ ఎక్కి వెళ్ళిపోయింది. ఇంకేముంది, డైరెక్టర్లంతా ఎండలో నిలబడి దొరికిపోయారు. కేసు గెలిచాం."

టీ కొట్టు ఆవిడ కళ్ళు తుడుచుకుంది. కథ ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతుంది. ఇవాళ ఆగలేదు. బావగారు ఖాళీ గ్లాసుని చేతిలో తిప్పుతూ, గొంతు తగ్గించి అన్నాడు.

"గెలిచి ఇంటికెళ్ళాను. సాయంత్రం. వాన. ఫైళ్ళు గుండెకి హత్తుకుని, మీద బ్యాగు కప్పుకుని వచ్చాను. నేను తడిసినా అవి తడవకూడదు. తలుపు కొట్టాను. తనొచ్చి తీసింది."

టైలరు చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"తనంటే?" అంది టీ కొట్టు ఆవిడ.

"మా ఆవిడ. తీసి, 'ముందు ఫైళ్ళిలా ఇవ్వండి, మీ సంగతి తర్వాత' అంది. కిటికీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, తువ్వాలు తెచ్చి తల తుడిచింది. 'లేని అంతస్తులో మీటింగు పెట్టారటే' అని నేనంటే ఒకటే నవ్వు. నవ్వీ నవ్వీ, పొయ్యి మీద గిన్నె సంగతి మర్చిపోయింది. మాడు వాసనొచ్చేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం."

ఇన్నాళ్ళకి అక్క కథలోకి వచ్చింది. వచ్చి, తువ్వాలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. టైలరుకి ఒళ్ళు మండింది. కుట్టుపని నేర్చుకునే రోజుల్లో అతను ఆ ఇంట్లోనే ఉండేవాడు. ఆ సాయంత్రం ఆ గదిలోనే కూర్చుని బొత్తాలు కుడుతున్నాడు.

"బావా," అన్నాడు. "తలుపు తీసింది నువ్వు. తడుస్తూ వచ్చింది అక్క. తల తుడిచింది నువ్వు, గిన్నె మాడబెట్టిందీ నువ్వే. ఆ ఏడో అంతస్తు సంగతి కనిపెట్టింది అక్క. ఆఫీసరు మా అక్క. నువ్వు కాదు."

సెలూన్ అతను నవ్వబోయి, బావగారి మొహం చూసి మానేశాడు. టీ కొట్టు ఆవిడ స్టవ్వు తగ్గించింది. బస్సొకటి వచ్చి ఆగి, ఎవరూ ఎక్కకుండానే వెళ్ళిపోయింది.

"నిజమేరా," అన్నాడు బావగారు. కోపం లేదు. "వాడు చెప్పిందే నిజం చెల్లెమ్మా. అంతా తనే చేసింది. నేను వంట చేసి, తలుపు తీసేవాణ్ణి."

"మరి అలాగే చెప్పొచ్చు కదా," అన్నాడు టైలరు.

"అలా చెబితే నేను ఇంట్లో ఉండాలి, తను బయట్నించి రావాలి. నేను రోజూ ఇంట్లోనే ఉంటున్నాను కదరా. చప్పుడైతే లేచి తలుపు తీస్తున్నాను. తను రావట్లేదు." ఆయన భుజం మీది తుండు తీసి, మడత విప్పి మళ్ళీ వేశాడు. "అందుకని నేనే బయటికొచ్చి, తనని ఇంట్లో ఉంచాను. ఇలా చెప్పుకుంటే, ఇక్కణ్ణుంచి లేచి వెళ్ళేటప్పుడు, ఇంట్లో మనిషి ఉన్నట్టుంటుంది."

టీ కొట్టు ఆవిడ అడక్కుండానే ఇంకో గ్లాసు నింపి ఆయన ముందు పెట్టింది. టైలరు దాన్ని ఇంకాస్త ఆయన దగ్గరికి జరిపాడు. కాసేపటికి, రోడ్డు వంక చూస్తూనే అన్నాడు:

"తలుపు కొట్టిన దగ్గర్నుంచి మళ్ళీ చెప్పు బావా."