సత్తయ్య ఒక్కమాట ఇంగ్లీషు

"ఇంగ్లీషంత ఒక్క మాటల్నే ఉన్నదిరా లింగం," అన్నాడు సత్తయ్య, కౌసల్యమ్మ హోటలు బల్ల మీద కాలు మీద కాలేసుకుని. పటాన్‌చెరు రోడ్డున, ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా, మొదటి షిఫ్టు వదిలాక అక్కడ అతనిదే దర్బారు.

లింగం దగ్గరికి జరిగాడు. డెబ్బైరెండు కరువులో గడ్డపోతారంలోని అతని బావి అడుగంటింది. ఇద్దరు పిల్లలు బడి మానకుండా ఉండాలంటే రేపు ఆ ఫ్యాక్టరీలో హెల్పరు పరీక్ష నెగ్గాలి. ఇంగ్లీషులో అడిగితే ఎట్లా అన్నదే అతని దిగులు.

"ఏం మాటనే అన్నా?"

"సెట్టు. గంతే! పొలంల పంపుసెట్టు, ఇంట్ల రేడియో సెట్టు, ముసలోని నోట్ల పండ్ల సెట్టు. నా పరీక్షనాడు ఇంజనీరు దొర మిషను చూపి ఏందో అడిగిండు. 'సెట్' అన్న. దొర ఖుషీ! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నీకు కుర్చీ ఏసిండు," అంది కౌసల్యమ్మ గ్లాసులు కడుగుతూ.

"ఏసిండక్కా, ఒట్టు! ఇంతల పెద్ద మిషను దడదడ ఊగవట్టింది. విమానమెక్కి వచ్చిన నలుగురు దొరలు బల్లల కింద దూరిండ్రు. నేను జెర వంగి దాని చెవుల 'సెట్' అన్న. పిల్లి లెక్క పండుకున్నది."

"మిషనుకు చెవులుంటయా?"

"పరదేశం మిషనుకు ఉంటయ్‌రా. గా గడబిడల పెద్ద దొర పండ్ల సెట్టు ఊడి నూనె డబ్బాల పడ్డది. తీసి నోట్ల పెట్టి 'సెట్' అన్న. మల్ల మాట్లాడిండు, అదీ తెలుగుల!"

హోటలంతా గొల్లుమంది. లింగం మాత్రం అగ్గిపెట్టె మీద పెన్సిలుతో 'సెట్టు' అని రాసుకుంటున్నాడు.

"గదేం జూసినవ్! పొద్దుగుంకుతున్నది, మిషనుకు ఇంక బిగించే బోల్టులున్నయ్. పొద్దుగుంకుడు గూడ ఇంగ్లీషుల సెట్టే. గందుకే ఆ మాట ఎవ్వన్ని అననియ్యలే. సూర్యుడు తాటిచెట్ల మీద నిలవడి నా దిక్కే చూస్తుండు. పిట్టలు పరేషాన్! ఆఖరి బోల్టు బిగించి, చెయ్యి తుడుసుకొని, 'ఇగ సెట్' అన్న. గప్పుడు మునిగిండు."

మూల బల్ల మీద చలపతిరావు గ్లాసు కింద పెట్టాడు. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఫ్యాక్టరీ గుమాస్తా. పరీక్షల్లో ఎవరేం చెప్పారో రాసేది ఆయనే.

"ఏవయ్యా సత్తయ్యా, ఆ రోజు నీ కాగితం రాసింది నేను. చెప్పమంటావా?"

సత్తయ్య కాలు దింపాడు. "చాయ్ చల్లారుతది సారూ..."

"చెప్పుండ్రి సారూ, రేపు నా పరీక్ష," అన్నాడు లింగం.

"ఇంజనీరు గారు ఏం అడిగినా ఇతను నోరు తెరవలేదు. చివరికి చేతులు కట్టుకుని, 'ఇంగ్లీషు రాదు సారూ, మిషను ఎన్నడు చూడలే. ఒక్కపారి చేసి చూపుండ్రి, చేస్త' అన్నాడు. అది నేనే ఆయనకి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఆకురాయి పట్టుకుని ఇనుపముక్క అరగదీసి చూపించారు. ఇక ఇతను అరగదీస్తూ కూర్చుని అన్నం బెల్లు కొట్టినా లేవలేదు. మూలలు సరిచూసే మూలమట్టం పెట్టి చూస్తే వెంట్రుకంత సందు లేదు. అందుకే తీసుకున్నారు."

కౌసల్యమ్మ చేతిలో గ్లాసు ఆగింది. "అంటే సత్తన్నా, పుట్టినసంది నువ్వు నిజం చెప్పింది గా ఒక్క దినమేనా? నౌకరి దొరికింది గూడ గందుకేనా?"

సత్తయ్య చుట్టూ చూశాడు. చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు.

లింగం అగ్గిపెట్టె జేబులో పెట్టేశాడు. "అన్నా, ఆకురాయి ఎట్ల పట్టాలె?"

సత్తయ్య లేచి, కౌసల్యమ్మ గరిటె అందుకుని, ఆకురాయిలా పట్టి బల్ల అంచుకు ఆనించాడు.

"గిట్ల. ఎడమ చెయ్యి కొసకు. నూకేటప్పుడే బలం, గుంజేటప్పుడు వద్దు."