రెండో టాక్

క్లాంపు అందని మూల కావడంతో, రెండు అల్యూమినియం రేకుల అంచులను బావ చేతులతోనే కలిపి పట్టుకున్నాడు. అవి జరగకుండా బావమరిది ఒక చివర టాక్ అనే చిన్న అతుకు వేసి, రెండో చివరకు వెల్డింగ్ టార్చి తెచ్చి, ఆర్క్ వెలిగించే పెడల్ మీద పాదం ఆనించాడు.

“బావా, చొక్కా కింద, భుజం దగ్గర ఆ ఉబ్బేమిటి?”

“పేస్‌మేకర్. పని కానీ, చేతులు లాగుతున్నాయి.”

“గుండెకు పెట్టేదేనా? ఎప్పుడు పెట్టారు?”

“పెళ్ళికని ఊరెళ్ళానే, అప్పుడు. మీ అక్కచేత కూడా ఒట్టు వేయించుకున్నాను. చెబితే నన్ను ఈ గుమ్మం తొక్కనిస్తావా?”

“డాక్టరేమన్నాడు?”

“వెల్డింగ్ చెయ్యొద్దన్నాడు. రేకులు పట్టుకోవద్దనలేదు.”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఆర్క్ అంటుకునేటప్పటి కరెంటుకు అది లయ తప్పొచ్చు బావా. ఇందాక టాక్ వేసినప్పుడు ఏమైనా అనిపించిందా?”

“కళ్ళు బైర్లు కమ్మాయి. ఆ వెలుగుకేమో.”

“మొహం తిప్పుకుని కళ్ళు మూసుకున్నవాడికి వెలుగేమిటి?”

బావ రేకులను ఇంకాస్త గట్టిగా అదిమి పట్టుకున్నాడు.

“రేకులు వదిలెయ్.”

“ఒక్క టాక్‌కు నిలవవు. వంగిపోతాయి.”

“వంగనీ. నీకేమైనా అయితే అక్కకు నేను ఏ మొహం చూపించను?”

“సరే. ముందు నువ్వు పెడల్ మీంచి కాలు తియ్యి.”

“అదే భయం. మోకాలు వణుకుతోంది. తీయబోయి నొక్కేస్తానేమో.”

“మెషీన్ ఆపనా?”

“దాని దగ్గరికే పోవద్దు. వైర్లు దాటకుండా అటునుంచి బయటికి నడు.”

రేకులు బల్ల మీద పడి మోగాయి. అడుగుల చప్పుడు దూరమైంది.

“గోడ అవతలికొచ్చాను. ఇక తియ్యి.”

“తీస్తున్నా. ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండు బావా, ఆపకు.”