గంట కొట్టిన వదిన

"మీ అన్నయ్యకి బుర్ర లేదమ్మా. పాలు తెమ్మంటే వట్టి చేతులతో వచ్చాడు."

విస్కాన్సిన్‌లో, కిరాణా కొట్టు ముందు మంచులో నిలబడి ఆడపడుచు సంతకాలు సేకరిస్తోంది, స్కూల్ బోర్డు నుంచి ఈ వదినగారినే దించెయ్యడానికి.

"ఇక్కడ సంతకం పెట్టిన హుషారులో మర్చిపోయుంటాడు, వదినా."

"నన్ను దించడానికా! చదవకుండా పెట్టుంటాడు."

"కళ్లజోడు తుడుచుకుని మరీ చదివాడు."

"కప్పు కారే బడిని మూయక ఏం చెయ్యమంటారే?"

"మూసినందుకు కాదు. మీటింగులో అన్నయ్య పిల్లల బస్సు గురించి మాట్లాడుతుంటే, మూడు నిమిషాలైందని గంట కొట్టి కూర్చోబెట్టావుగా."

"మొగుడైతే మాత్రం? రూలు అందరికీ ఒకటే!"

"సరే, కొట్టావు. అంతవరకూ ఏం చెప్పాడో చెప్పు."

ఆమె గుర్తు తెచ్చుకోబోయింది. మీటింగు జరిగిన ఆ సాయంత్రమంతా తను గడియారం ముల్లునే చూస్తూ కూర్చుంది.

"వినలేదే," అంది. "ఎవరి మాటా వినలేదు. తప్పు నాదే."